ముల్లు 95 మీద ఆగింది, గ్యాస్ తక్కువైనట్టేనా?

మే నెల, విజయవాడ. బయట 43 డిగ్రీలు. ఆ రోజు మధ్యాహ్నంలోపు రెండిళ్లు చూశాను. రెండు చోట్లా ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, లోపల ఆర్32 గ్యాస్. ఫిర్యాదు కూడా ఒకటే: "తిరుగుతోంది గానీ గది చల్లబడటం లేదండీ." అవుట్‌డోర్ యూనిట్ పక్కన కూర్చుని సర్వీస్ పోర్టుకి గేజ్ తగిలిస్తే రెండిళ్లలోనూ ముల్లు 95 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గరే ఆగింది. మొదటి ఇంట్లో గ్యాస్ నిజంగానే లీకై, ఉండాల్సిన దాంట్లో సగం మిగిలింది. రెండో ఇంట్లో చుక్క కూడా తగ్గలేదు.

మామూలుగా అయితే రెండిళ్లలోనూ జరిగేది ఒకటే. గేజ్ చూస్తారు, "గ్యాస్ తక్కువైంది సార్" అంటారు, సిలిండర్ తగిలించి ముల్లు 120కో 130కో వచ్చేదాకా ఎక్కిస్తారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ అదే చేశాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి మొదట చెప్పేది, గేజ్ గ్యాస్ ఎంతుందో చూపించదని.

మరి ఏం చూపిస్తుంది? లోపల గ్యాస్ ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతోందో చూపిస్తుంది. నీళ్లు మామూలు గిన్నెలో 100 డిగ్రీలకి మరుగుతాయి. కుక్కర్ మూత బిగించి ప్రెషర్ 15 పీఎస్‌ఐ దాకా పెరగనిస్తే 121 డిగ్రీలు వస్తే గానీ మరగవు. ప్రెషర్ పెరిగితే మరిగే వేడి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఏసీలో గ్యాస్‌ది కూడా ఇదే లెక్క. ఆర్32ని బయట గాలిలో వదిలితే మైనస్ 51.7 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఏసీ లోపల 103 పీఎస్‌ఐ దగ్గర సున్నా డిగ్రీలకి, 123 దగ్గర 5 డిగ్రీలకి, 146 దగ్గర 10 డిగ్రీలకి మరుగుతుంది. అదే గ్యాస్ బయటి యూనిట్‌లో వేడి వదిలి మళ్లీ ద్రవంగా మారేటప్పుడు 391 దగ్గర 45 డిగ్రీలు, 441 దగ్గర 50 డిగ్రీలు. గేజ్ డయల్ మీద ప్రెషర్ అంకెల లోపలివైపు ఒక్కో గ్యాస్‌కి ఒక్కో రంగులో ఉండే సన్న అంకెలు ఈ డిగ్రీలే. చాలామంది వాటి వైపు చూడరు. అసలు చదవాల్సింది అవే.

పాత మెకానిక్‌లు చెప్పే "65 నుంచి 70 ఉండాలి" అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఇప్పుడు తేలిపోతుంది. అది ఆర్22 కాలం నాటి మాట. ఆర్22 సుమారు 70 పీఎస్‌ఐ దగ్గర 5 డిగ్రీలకి మరుగుతుంది. లోపలి కాయిల్ 5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే గాలి చల్లబడుతుంది, మంచు కట్టదు. వాళ్లకి కావాల్సింది 5 డిగ్రీలు. అది గేజ్ మీద 70గా కనపడింది కాబట్టి 70ని బట్టీ పట్టారు. గ్యాస్ మారాక అంకె మారింది. ఆర్32కీ, ఆర్410ఏకీ అదే 5 డిగ్రీలు 120 పైచిలుకు దగ్గర వస్తుంది. కొన్ని ఏసీల్లో వాడే ఆర్290, అంటే ప్రొపేన్, మళ్లీ 65 దగ్గరికే వస్తుంది. అందుకే ఎదురుగా ఉన్నది ఏ గ్యాసో నేమ్‌ప్లేట్ మీద చూడకుండా ముల్లు చదవడం దండగ.

ఇంకో అపోహ. ఏసీ ఆపేసి ఉన్నప్పుడు గేజ్ పెట్టి "ప్రెషర్ బాగానే ఉంది, గ్యాస్ నిండుగా ఉంది" అనేవాళ్లున్నారు. ఇంట్లో వంటగ్యాస్ సిలిండర్ గుర్తు తెచ్చుకోండి. 14.2 కిలోలు నిండుగా ఉన్నప్పుడూ, అడుగున రెండు కిలోలు మిగిలినప్పుడూ మంట ఒకేలా వస్తుంది. సిలిండర్ ఎత్తి చూస్తేనో, తడిగుడ్డ చుట్టి గీత చూస్తేనో గానీ ఎంత మిగిలిందో తెలియదు. ఎందుకంటే లోపల ద్రవం కొంచెం ఉన్నా చాలు, దాని ప్రెషర్ ఆ రోజు వేడిని బట్టే ఉంటుంది. ఆపేసిన ఏసీలో ఆర్32 కూడా అంతే. యంత్రమంతా 30 డిగ్రీల దగ్గర ఉంటే గేజ్ 265 చూపిస్తుంది. లోపల తొమ్మిది వందల గ్రాములున్నా, సగమే ఉన్నా అదే 265. ద్రవం పూర్తిగా అయిపోయాకే ముల్లు కిందికి జారుతుంది. ఆ స్టాండింగ్ ప్రెషర్‌తో తెలిసేది ఒకటుంది. ఆ రోజు వేడికి ఉండాల్సిన దానికంటే ముల్లు బాగా పైన ఉంటే లోపలికి గాలి చేరినట్టు, లేదా వేరే గ్యాస్ కలిపినట్టు. బిగించేటప్పుడు వాక్యూమ్ పంప్ పెట్టకుండా ఊదేసి వదిలిన యూనిట్లలో ఇది కనపడుతుంది.

ఇక ఆ రెండిళ్ల దగ్గరికి వద్దాం. 95 పీఎస్‌ఐ అంటే ఆర్32కి దాదాపు మైనస్ 2 డిగ్రీలు. అంటే రెండు చోట్లా కాయిల్‌లో గ్యాస్ సున్నా కంటే కింద మరుగుతోంది. ఉండాల్సింది 5 నుంచి 10 డిగ్రీల మధ్య. ఏదో తేడా ఉందని ఇంతవరకూ ముల్లు చెప్పింది. ఆ తేడా ఏమిటో చెప్పడం దాని వల్ల కాదు. దానికి రెండో అంకె కావాలి, పైపు వేడి.

లోపలి కాయిల్ నుంచి ఆవిరి వెనక్కి వచ్చే లావు రాగి పైపు మీది ఇన్సులేషన్ అవుట్‌డోర్ దగ్గర ఒక జానెడు విప్పి, వేడి కొలిచే థర్మోకపుల్ వైరు కొసని పైపుకి ఆనించి టేపు చుట్టి, పైన మళ్లీ ఇన్సులేషన్ కప్పాను. కప్పకపోతే 43 డిగ్రీల గాలి దాన్ని మోసం చేస్తుంది. గన్‌లా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కానిచ్చేద్దామని మా కుర్రాళ్లకి మహా సరదా. మెరిసే రాగి మీద అది చూపించేది రాగి వేడి కాదు, చుట్టుపక్కల వస్తువుల వేడి. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొడితే కాస్త నయం. పది నిమిషాలు ఆగాను.

మొదటి ఇంట్లో పైపు 22 డిగ్రీలు చూపించింది. రెండో ఇంట్లో ఒక్క డిగ్రీ.

గిన్నెలో నీళ్లున్నంతసేపు కింద మంట ఎంత పెట్టినా గిన్నె 100 దాటదు. నీళ్లు ఇగిరిపోయాక చూడండి, క్షణాల్లో మాడిపోతుంది. కాయిల్‌లో కూడా ద్రవం మరుగుతున్నంత మేర పైపు మైనస్ 2 దగ్గరే ఉంటుంది. ద్రవం ఇగిరిపోయిన చోటి నుంచి వట్టి ఆవిరే ప్రయాణం చేస్తుంది, గది వేడికి దాని వేడి ఎక్కుతూ పోతుంది. అలా అదనంగా ఎక్కిన డిగ్రీలనే సూపర్‌హీట్ అంటారు. పైపు వేడిలోంచి మరిగే వేడి తీసేస్తే వచ్చేది అదే. మామూలుగా 5 నుంచి 10 డిగ్రీలు ఉంటుంది.

మొదటి ఇంట్లో 22లోంచి మైనస్ 2 తీసేస్తే 24. అంటే ద్రవం కాయిల్ మొదట్లోనే ఇగిరిపోయింది, మిగతా కాయిల్ అంతా ఎండిపోయి ఉంది. ఇండోర్ మూత తీస్తే మొదటి రెండు మూడు వంపుల మీదే తెల్లగా మంచు, మిగతాదంతా పొడి. అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు వాల్వ్ మీద కూడా మంచు పేరుకుంది. కాయిల్‌కి తగినంత ద్రవం అందడం లేదన్నమాట. రెండో ఇంట్లో సూపర్‌హీట్ 3 డిగ్రీలే. ద్రవం కాయిల్ చివరిదాకా వస్తోంది, ఇంకా మరగడానికి వేడి దొరకడం లేదు. ద్రవం కొరత కాదు, వేడి కొరత. ఇండోర్ మూత తీస్తే ఫిల్టర్ మీద దుప్పటిలా దుమ్ము, దాని వెనక కాయిల్ మొత్తం ఐసు దిమ్మ. గాలి ఆడకపోతే కాయిల్‌కి గది వేడి అందదు. లోపల మరగడం తగ్గుతుంది, కంప్రెసర్ మాత్రం లాగుతూనే ఉంటుంది, ప్రెషర్ పడిపోతుంది. ఐసు కట్టేకొద్దీ గాలి ఇంకా తగ్గుతుంది. ఇలా జరగకుండా కాయిల్‌కి ఒక సెన్సర్ ఉంటుంది, మరీ చల్లబడితే కంప్రెసర్ వేగం తగ్గించమని చెబుతుంది. ఇక్కడ ఆ సెన్సర్ దాని గూట్లోంచి జారి పక్కన వేలాడుతోంది. ఎవరో సర్వీస్ చేసి తిరిగి పెట్టడం మర్చిపోయారు.

ఈ రెండో రకం ఏసీలో గ్యాస్ ఎక్కిస్తే ఏమవుతుందంటే, ముల్లు పైకి వస్తుంది. మెకానిక్‌కీ, ఇంటివాళ్లకీ తృప్తి. కానీ ఆ అదనపు ద్రవం ఇగరకుండానే కంప్రెసర్‌లోకి వెళ్తుంది, ఆయిల్‌ని కడిగేస్తుంది. రేపు ఎవరైనా ఫిల్టర్ శుభ్రం చేస్తే ప్రెషర్లు మామూలు కంటే పైకి లేస్తాయి, యాంప్స్ (కంప్రెసర్ లాగే కరెంటు) పెరుగుతాయి, రోహిణి కార్తెలో కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. అప్పుడు "కంప్రెసర్ పోయింది" అంటారు.

సూపర్‌హీట్ ఎక్కువ ఉన్నంత మాత్రాన గ్యాస్ తక్కువే అని కూడా తేల్చేయకూడదు. క్యాపిలరీ, అంటే ద్రవం ప్రెషర్ తగ్గించి లోపలి కాయిల్‌కి పంపే సన్న గొట్టం, మూసుకుపోయినా ఇదే బొమ్మ కనపడుతుంది: సక్షన్ (కంప్రెసర్ లాగే వైపు ప్రెషర్) తక్కువ, సూపర్‌హీట్ ఎక్కువ. తేడా రెండో వైపు తెలుస్తుంది. గ్యాస్ తక్కువైతే బయటి కాయిల్‌లో కూడా ద్రవం ఉండదు. క్యాపిలరీ చోక్ అయితే ద్రవం దాటలేక బయటి కాయిల్‌లో పోగుపడుతుంది. అలా పోగైన ద్రవం, ఆవిరి ద్రవంగా మారే వేడి కంటే ఇంకా ఎన్ని డిగ్రీలు కిందికి చల్లబడిందో కొలిచేదే సబ్‌కూలింగ్. గ్యాస్ తక్కువైతే అది సున్నాకి దగ్గర, చోక్ అయితే ఎక్కువ.

పుస్తకంలో ఇది తేలికే. ఇంటర్నెట్‌లో అమెరికా వీడియోలు చూసి మా కుర్రాళ్లు చిక్కుపడేదీ ఇక్కడే. ఆ వీడియోల్లో సన్న పైపుకి ఎర్ర గొట్టం తగిలించి, పక్కనే పైపు వేడి కొలిచి సబ్‌కూలింగ్ లెక్క కడతారు. వాళ్ల సెంట్రల్ యూనిట్లలో ద్రవం సన్న పైపులో ఇంటి లోపలిదాకా వెళ్లి, అక్కడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ప్రెషర్ కోల్పోతుంది. మన గోడ స్ప్లిట్లలో క్యాపిలరీ అయినా, అదే పని చేసే ఎలక్ట్రానిక్ వాల్వ్ అయినా సాధారణంగా అవుట్‌డోర్ యూనిట్ లోపలే ఉంటుంది. కాబట్టి కూలింగ్‌లో ఉన్నప్పుడు బయట కనపడే లావు పైపూ, సన్న పైపూ రెండూ తక్కువ ప్రెషర్ వైపే. రెండూ చల్లగానే ఉంటాయి. ఆ సన్న పైపు దగ్గర సబ్‌కూలింగ్ కొలవడమంటే లేనిదాన్ని వెతకడం. పైగా చాలావాటికి సర్వీస్ పోర్టు లావు పైపు వాల్వ్ మీద ఒక్కటే. ఎర్ర గొట్టానికి చోటే ఉండదు.

అప్పుడేం చేయాలి? అవుట్‌డోర్ డొప్ప విప్పి బయటి కాయిల్ నుంచి ద్రవం బయటికొచ్చే వంపు వేడి చూడాలి. గ్యాస్ తక్కువైతే కాయిల్‌కి వదలడానికి పెద్దగా వేడే ఉండదు. యాంప్స్ చూడాలి. గ్యాస్ తక్కువైన యూనిట్ నేమ్‌ప్లేట్ కంటే బాగా తక్కువ లాగుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే తిరుగులేని దారి ఒకటుంది: గ్యాస్ మొత్తం రికవరీ సిలిండర్‌లోకి తీసి తూకం వేయడం. మొదటి ఇంట్లో నేను చేసింది అదే. నేమ్‌ప్లేట్ మీద 0.9 కిలో అని ఉంది, కాటా మీద 0.48 వచ్చింది. నైట్రోజన్ నింపి సబ్బు నురగ రాస్తే ఇండోర్ వెనక పైపులు కలిపే ఫ్లేర్ నట్ దగ్గర బుడగలు. ఆ నట్ చుట్టూ నూనె మరక అప్పటికే ఉంది, ముందే చూసి ఉంటే అరగంట కలిసొచ్చేది. పైపు కొసకి ఫ్లేర్ మళ్లీ చేసి, పంపుతో లోపలి గాలి దాదాపు పూర్తిగా, అంటే వాక్యూమ్ 500 మైక్రాన్ల దాకా లాగి, 0.9 కిలో తూకం ప్రకారం ఎక్కించాం. ముల్లు చూసి ఎక్కించలేదు. గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో రంధ్రం ఉన్నట్టే. దాన్ని వెతక్కుండా ఏటా వేసవికి "టాప్-అప్" చేయించుకునేవాళ్లు ఒకే కుండకి ఏటా నీళ్లు పోస్తున్నారు.

ఇన్వర్టర్ ఏసీల్లో ఇంకో తిరకాసు. గది సెట్టింగ్‌కి దగ్గర పడగానే కంప్రెసర్ వేగం తగ్గిస్తుంది, ప్రెషర్ పైకి లేస్తుంది. అప్పుడు గేజ్ చూసి "సక్షన్ ఎక్కువ ఉంది" అంటే తప్పు. కంప్రెసర్ వేగం తగ్గకుండా నడిపే ఫోర్స్‌డ్ కూలింగ్‌లో పెట్టి, తలుపులు తీసి, పూర్తి వేగంతో పదిహేను నిమిషాలు నడిచాకే చదవాలి. ఎలక్ట్రానిక్ వాల్వ్ ఉన్న యూనిట్లు గ్యాస్ కొద్దిగా తగ్గినా వాల్వ్ ఎక్కువ తెరిచి సర్దుకుపోతాయి. సూపర్‌హీట్ బాగానే కనపడుతుంది, జబ్బు ముదిరాకే బయటపడుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది చల్లదనం గురించి. ఇదే యంత్రాన్ని తిప్పి నడిపితే హీటర్. మన దగ్గర హాట్ అండ్ కోల్డ్ ఏసీలు అరుదే. ఢిల్లీ వైపు బాగా వాడతారు. అమెరికాలో అట్లాంటా, షార్లెట్ లాంటి చోట్ల ఉంటున్న మనవాళ్ల ఇళ్లలో చాలావాటికి చలికాలం ఆధారం ఇలా తిప్పి నడిచే హీట్ పంపే. యంత్రం లోపల ఫోర్ వే వాల్వ్ ఒకటి గ్యాస్ దారిని తిప్పేస్తుంది. లోపలి కాయిల్ వేడి వదిలేదవుతుంది, బయటి కాయిల్ చలిగాలిలోంచి వేడి లాగేదవుతుంది. మన గోడ స్ప్లిట్‌లో అంతవరకూ చల్లగా ఉన్న లావు పైపులోకి కంప్రెసర్ వదిలే వేడి ఆవిరి వస్తుంది. అంటే ఇందాక 95, 120 చూపించిన అదే పోర్టు ఇప్పుడు 350, 390 చూపిస్తుంది. పాత ఆర్22 కాలపు నీలం గేజ్ తగిలించి ఉంచి రిమోట్‌తో హీట్ నొక్కితే ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంటుంది. నేను అలా ఒక గేజ్ పాడుచేసుకున్నాను.

తమాషా ఏమిటంటే, హీటింగ్‌లో సబ్‌కూలింగ్ ఆ సన్న పైపు దగ్గరే కొలవొచ్చు. గది వేడెక్కించి ద్రవంగా మారిన గ్యాస్ ఇప్పుడు అందులోంచే వెనక్కి వస్తుంది. దొరకనిది సక్షన్ ప్రెషర్. అది అవుట్‌డోర్ లోపల ఉండిపోతుంది. దానికి వేరే పోర్టు ఉన్న యూనిట్లలో బయట గాలి వేడితో కలిపి చదవాలి. బయట 7 డిగ్రీలుంటే కాయిల్ సున్నా దగ్గర మరిగితే బాగున్నట్టు, ఆర్32కి సుమారు 100 పీఎస్‌ఐ. బయట సున్నా అయితే 80కి పడిపోవడం సహజం. ఎండాకాలంలో 80 చూస్తే గాభరా పడాలి, చలికాలం హీటింగ్‌లో అక్కర్లేదు. బయటి కాయిల్ మీద మంచు కట్టడం కూడా సహజమే. కొంత పేరుకోగానే యంత్రం తనంతట తనే కాసేపు కూలింగ్‌కి తిరిగి ఆ మంచు కరిగించుకుంటుంది. ఆ కొన్ని నిమిషాలూ ప్రెషర్లు తలకిందులవుతాయి. సరిగ్గా ఆ సమయంలో గేజ్ చూస్తున్నవాడు "వాల్వ్ పోయింది" అని నోట్‌బుక్‌లో రాసుకుంటాడు.

వాల్వ్ నిజంగా పోతే ఎలా తెలుస్తుంది? సక్షన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ, డిస్చార్జ్ (కంప్రెసర్ వదిలే వైపు ప్రెషర్) ఉండాల్సిన దానికంటే తక్కువ. కంప్రెసర్ బలహీనపడినా అచ్చం ఇవే అంకెలు. ఇక్కడా గేజ్ చేతులెత్తేస్తుంది. ఫోర్ వే వాల్వ్‌లోకి చల్లటి ఆవిరి వచ్చే పైపు, అందులోంచి కంప్రెసర్‌కి వెళ్లే పైపు, రెండిటి వేడీ కొలవాలి. మధ్యలో ఉన్నది వాల్వ్ ఒక్కటే కాబట్టి తేడా రెండు డిగ్రీలు దాటకూడదు. దాటిందంటే లోపల వేడి ఆవిరి అడ్డదారిన కారి చల్లటి వైపు కలుస్తోంది, వాల్వ్ లీకు. తేడా లేకపోతే అప్పుడు కంప్రెసర్‌ని అనుమానించాలి. రెండు థర్మోకపుల్స్‌తో తేలే విషయం ఇది. ఇది చూడకుండా కంప్రెసర్లు మార్చేసి, కొత్తదీ అలాగే నడిస్తే తలపట్టుకున్నవాళ్లని చూశాను.

రెండో ఇంటి కథ మిగిలిపోయింది. ఐసు కరగడానికి ఫ్యాన్ మాత్రం నడిపి నలభై నిమిషాలు కూర్చున్నాం. ఈలోగా కుర్రాడు ఫిల్టర్లు కడిగాడు, కాయిల్ మీద నీళ్లు కొట్టాడు, సెన్సర్ దాని గూట్లో దోపాడు. మళ్లీ నడిపితే ముల్లు 95 దాటి మెల్లగా 128 దగ్గర నిలబడింది, పైపు 13 డిగ్రీలు, అంటే సూపర్‌హీట్ 7. ఆ ఇంటావిడ మంచినీళ్లు తెచ్చిచ్చి గేజ్ వైపు చూసి, "ఎంత గ్యాస్ వేశారు బాబూ?" అని అడిగింది.

"ఏమీ వేయలేదమ్మా, గ్యాస్ సరిపడా ఉంది."

"నిన్న వచ్చినతను మొత్తం పోయింది, మూడు వేలవుతుందన్నాడే" అంది. నేను ఆరు వందల బిల్లు రాసిచ్చాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, "గ్యాసే వేయనప్పుడు ఆరు వందలెందుకు?" అంది.